గేటు వేసిన్రా?

మాలో ఎవరికీ ఎవరి ఇల్లూ తెలియదు.
పేర్లు మేమే పెట్టుకున్నాం.
కూకట్‌పల్లిలో ఎక్కడో ఉంటుంది ఉప్పు మంత్రసాని,
పగలు పళ్ళ డాక్టరు దగ్గర చీటీలు రాస్తుంది.
నత్తగుర్రం మల్కాజిగిరి వైపు,
రైలుగేటు పడ్డప్పుడల్లా తిట్లతో సహా మాకు తెలుస్తుంది.
బూడిదరెక్క ఇంటర్ రెండో ఏడు,
వాళ్ళమ్మ గదిలోకి రాగానే
వాక్యం సగంలో ఆగిపోతుంది.
నేను ఏడో తమ్ముణ్ణి.
నలభై ఆరేళ్ళ, చీర కట్టుకునే తమ్ముణ్ణి.

రాత్రి అంట్లు తోమాక
చేతి తడి కొంగుకు తుడుచుకుని
ఫోన్‌లో మా కోటలోకి వెళ్తాను.
పదకొండు సంపుటాల కథలో
మాకు నచ్చింది ఆ ఒక్క కోటే, అక్కడే ఉండిపోయాం.

"డ్రాగన్ మెట్రో పిల్లర్ మీద వాలితే
పిల్లర్ ఆగుతదా?"
"ఏ స్టేషన్?"
"అమీర్‌పేట."
"అమీర్‌పేటల దానికి కూడా జాగ దొరకది."

"రోజుకు ఎన్ని కిలోల మటన్ తింటది?"
నత్తగుర్రం లెక్కలు కట్టి,
నెల జీతంతో మూడు రోజులు కూడా గడవదని తేల్చి,
"మా ఇంట్ల డ్రాగన్ సొరకాయ తింటది" అన్నాడు.

"మంత్రసానీ, మా టాంకర్ రాలే,
జర వాన పడగొట్టు."
"వాన పడితే మా సెల్లార్ మునుగుతది.
సగం వాన అడుగుతా, సర్దుకో."

పదకొండున్నరకు, ఏ ముచ్చట మధ్యలో ఉన్నా,
గవిని కాపరి వస్తాడు.
"గేటు వేసిన్రా?"
"వేసినం."
"గొళ్ళెం?"
"పెట్టినం, పో."
అంతే, ఇక నిద్ర.

నాలుగో సంపుటంలో
ఎవరో గొళ్ళెం మరిచిపోబట్టే కదా
ముసలి రాణి పోయింది.
ఆమె కోసం అతను రెండు పూటలు అన్నం ముట్టలేదని తెలుసు.
బీపీ గోళీ మానేసి తిట్లు తిన్నాడని తెలుసు.
అసలు పేరు తెలియదు.

మొన్న బుధవారం గాలివాన.
పదకొండున్నర దాటింది.
పన్నెండు.
ఎవ్వరం ఏమీ అనలేదు,
ఎవ్వరం పడుకోనూ లేదు.
పన్నెండున్నరకు బూడిదరెక్క అడిగాడు,
"పోలీసులకు చెప్దామా?"
ఏమని చెప్తాం?
కోట కాపలావాడు కనబడుట లేదు,
ఎత్తు తొమ్మిది అడుగులు,
చేతిలో గొడ్డలి,
చివరిసారి చూసింది మంచులో, అనా?

నేను లేచి మా వంటింటి తలుపు చూసొచ్చాను.
వేసే ఉంది.
మళ్ళీ ఒకసారి వేశాను.

తెల్లారి మధ్యాహ్నం, పప్పు మాడుతుంటే, వచ్చాడు.
"యూసుఫ్‌గూడల ట్రాన్స్‌ఫార్మర్ పేలింది.
ఫోన్ సచ్చింది.
అది తర్వాత, ముందు చెప్పండి,
రాత్రి గేటు?"

"నేను వేసిన" అంది మంత్రసాని.
"నేను కూడా" నత్తగుర్రం.
"నేను రెండుసార్లు" బూడిదరెక్క, కాలేజీ బస్సులోంచి.
నేను వంటింటి సంగతి చెప్పాను.

కొంచెంసేపు ఏమీ రాలేదు.
తర్వాత,
"ఇంతమంది వేస్తే
నేను రాత్రంతా బయటనే ఉన్న కదా."

మంత్రసాని గొంతు మార్చింది,
అతని గొంతే పెట్టింది.
"ఎవరది?"
"నేనే."
"నేనే అంటే?"
ఆగి ఆగి రాశాడు,
"బాలనర్సయ్య."

నాలుగేళ్ళలో మొదటిసారి.
పప్పు దించడం మరిచిపోయాను.

"అట్లాంటోళ్ళు ఎవ్వరు లేరిక్కడ" అంది మంత్రసాని.
"గవిని కాపరివైతే చెప్పు."
"ఆ, గవిని కాపరినే."
"అయితే రా. కాళ్ళు కడుక్కొని రా.
వచ్చినంక గొళ్ళెం నువ్వే పెట్టు."

"పెట్టిన" అన్నాడు.
పట్టపగలు రెండు గంటలకు.
ఆ వెంటనే నత్తగుర్రం,
"సొరకాయ కిలో ఎంతుందో ఎవరికన్నా తెలుసా?"