పన్నెండో ప్రశ్న

"ఇంట్ల పుస్తకాలెన్ని?" అని అడిగిన.
ఈదమ్మ లోపలికి పోయి
సందుగ అడుగుల నుంచి తెచ్చింది:
బ్యాంకు పాసుబుక్కు, ఉపాధి జాబ్‌కార్డు,
పుణె మేస్త్రీ అడ్వాన్సు రాసిన ఎర్ర అట్ట బుక్కు.
"మూడు" అన్నది.

మా గైడు సారు ఫారంల
బడి పుస్తకాలకే లెక్క.
సున్నా దిద్దబోయిన.

అంతల మనుమడు కుర్మయ్య
ఎర్ర బుక్కు గుంజుకొని
తాత వేలిముద్ర పక్క అంకెలను
పెదవులతోనే కూడి
"అవ్వా, ఈడ నాలుగొందలు ఎక్కువేసిండు" అన్నడు.

ఎనిమిదేండ్లు.
బడి రిజిస్టర్ల దీర్ఘకాల గైర్హాజరు.

దేవరకద్ర నుంచి పాలమూరు దాక
బస్సుల నిలబడే వచ్చిన.
యూనివర్సిటీ గేటు కాడ దిగినంక చూస్తే
సున్నా సగం గీసి ఉంది,
మూతి తెరుచుకొని.
దాన్ని ఎటు కలపాలె సారూ?