ఆ ఊరు ఎట్లుండాదంటే

"ఎట్లుండాది మే ఆ ఊరు?" అంటావు ఖాజాబీ,
చేతిలో ఎర్రగడ్డ తిప్పుతా, తల ఎత్తకుండానే.
మైదుకూరు షెడ్డులో, రేకుల కింద,
పొట్టు కాళ్లకు అంటుకుంటాంటే
యాణ్ణుంచి చెప్పేది?

కంటైనరు పాడయిందంటాండారు బ్యాంకాకోళ్లు,
నీ ముక్కుంటే చాలు, రా, అన్యాడు సావుకారి.
ఇరవై రెండేండ్లు వాసనతోనే గడ్డ ఏరిన ముక్కు.
పాస్‌పోర్టు ఫోటోలో గూడా ముందు అదే కనబడతాది.

తలుపు తెరిచినారో లేదో
తడిగుడ్డ కప్పినట్టు మీదబడె గాలి.
మన గాలి ఒంట్లో ఉన్న చెమ్మంతా లాక్కుంటాది గదా,
ఆ గాలి ఎదురిస్తాది,
అడగని అప్పు మాదిరి.

బోర్డుల మీద అక్షరాలు చూసి నిలబడిపోయినా.
మనవే అనిపించె.
తలకట్లు ఊడి, తోకలు పెరిగి,
ఎప్పుడో పోట్లాడి ఊరిడిసిపోయిన దాయాదుల పిల్లోళ్ల మాదిరి.
మొగం తెలుస్తాది, పేరు నోటికి రాదు.
సదవబోతే ఒక్కటీ పలకలా.
ప్రొద్దుటూరు బస్టాండులో మా అమ్మ
ప్రతి బస్సు కాడా ఎందుకు ఆ నవ్వు నవ్వేదో
ఆ పొద్దు తెలిసె. నేనూ అదే నవ్వు నవ్వినా,
టోపీ పెట్టుకున్న పోలీసును చూసి.

మధ్యాన్నం వాన.
ఎట్లాంటి వాన అనుకున్నావు!
మనకైతే అంగళ్లు ఇడిసి బయటికొచ్చి
మొగాలు పైకెత్తేవాళ్లం.
అక్కడ ఒక్కరంటే ఒక్కరు తల ఎత్తలా.
మోటర్‌సైకిలు మీది పిల్లోడు
కాలు కింద పెట్టకుండానే ప్లాస్టిక్ కోటు తొడుక్కున్యాడు.
నేను నోరు తెరుచుకోని ఆకాశం చూస్తాంటే
"రా మే, పరువు తీస్తావు" అనె సావుకారి.
కాలవలో పడవలెక్కి ఆఫీసులకు పోతాండారు ఖాజాబీ,
చెప్పులు తడవకుండా, చేతిలో కాఫీ పట్టుకోని.
కేసీ కాలవకు నీళ్లెప్పుడిడుస్తారోనని
మనం పేపరు తిరగేస్తామే, అది గుర్తొచ్చె.
కడుపులో ఏందో మండె.
కుళ్లో, ఆకలో, తెలీలా.
పొద్దున్నుంచి ఏమీ తినలేదు గూడా.

గోడౌనులో బస్తా కోసినారు.
వంగి వాసన చూసినా.
అంత దూరం పోయి, అన్ని కొత్త వాసనలు దాటి,
చేపలు, నిమ్మగడ్డి, పెట్రోలు, పేరు తెలీని పండు,
అన్నిటి కిందా మన షెడ్డు వాసన.
దాని కిందా బూజు.
"తడి మీద కట్టినారు, తప్పు మనదే"
తెలుగులో అన్యా.
సావుకారి దాన్ని ఇంగ్లీషులో ఇంకేందో చేసె.
కొనే ఆమె, నా వయసే ఉంటాది, చెవుల కాడ నెరిసింది,
ఆయన మాట ఇనలా.
నా మొగం చూసె.
రేటు సగానికి కోసె.

బస్తా గుమ్మరిస్తే
గడ్డల నడుమ మెరిసె ఇది.
ఇదో, చెంగున ముడేసుకోనొచ్చినా.
టికెట్టు లేకుండా, వీసా లేకుండా
నాకంటే ముందే సముద్రం దాటిన గాజుముక్క.
నీదే గదా?

ఖాజాబీ పని ఆపె.
రేకు సందులోంచి పడే ఎండకు పట్టి చూసె.
"నాది కాదు యక్కా. నేను పచ్చయి ఏస్కుంటా.
ఇది ఎరుపు."
పక్కనున్న గంగులమ్మకిచ్చె. ఆమె చెన్నమ్మకు.
వరసంతా తిరిగి, మణికట్లన్నీ తాకి,
మళ్లా నా చేతికే వచ్చె.

పోయిన నెల పనికొచ్చి
మళ్లా రానోళ్ల పేర్లు
ఒకటొకటే తీస్తాండారు ఆడోళ్లు.
కాటా కాడ ఎవురో అరుస్తాండారు.
నేను కట్టిన బస్తా ఇప్పి
చెయ్యి లోపలికి పెట్టి
తడి చూస్తాండా.