మట్టికి వెన్న శాతం

పొద్దుగాల ఐదున్నరకు సెంటర్ షట్టర్ లేపుత.
మిషన్ మూతిల గుటికెడు పాలు పోస్త,
ఎర్ర అంకెలు వెలుగుతయి:
ఆరు పాయింట్ రెండు. ఐదు పాయింట్ ఎనిమిది.
పన్నెండేండ్ల సంది ఈ ఊరి మొఖాలను
నేను వెన్న శాతంతోనే గుర్తువడుత.

ముందటి యేడు కాదు, ఆ ముందటి యేడు రోణిల
సైదులు సగం క్యానుతోని వచ్చిండు.
"బర్రె వగరుస్తున్నదక్కా, ఎండకు సేపుతలేదు."
అంగి జేబుల నుంచి మడతలు వడ్డ కార్డొకటి తీసిండు.
"మట్టి పరీక్షదట. సదివి చెప్పు."
మిగతా గీతలు నాకు తెలువదు,
ఒక్కకాడ కండ్లు ఆగినయి.
సేంద్రియ కర్బనం: సున్నా పాయింట్ రెండు ఎనిమిది.

నాకు వచ్చిన బాసల్నే చెప్పిన:
"ఇది నీ చేనుకు వెన్న శాతం రా సైదులూ.
గింత పల్చటి పాలు తెస్తె
నేను తిప్పి పంపేదాన్ని."

నవ్వలే.
ఖాళీ క్యాను బోర్లించి దాని మీద కూసున్నడు.
మూడు బర్లు, ఒక దూడ, పదేండ్ల పెండ
ట్రాక్టరుకు ఇంత అని బత్తాయి తోటలకు అమ్మిండు,
ఆ పైసలకు కొండమల్లేపల్లిల యూరియా కొన్నడు.
ఆయన చెల్క తినాల్సిన తిండి
వేరేటోళ్ల కొమ్మలకు పండ్లయి ఏలాడింది.

ఆ యేడు పెంటకుప్ప అమ్మలే.
ట్రాక్టరోడు వాకిట్ల హారన్ కొట్టి కొట్టి పోయిండు.
గోపమ్మ రెండు దినాలు మొగనితోని మాట్లాడలే,
ఆమె చిట్టీ నడిచేది ఆ పైసల మీదనే.
గెట్టెంబడి అవిశ గింజలు నాటిండు.
ఎకరంల పత్తి పెట్టకుండ జనుము చల్లి
పసుపు పూత మీదున్నప్పుడు దున్నేసిండు.
"పూలతోని దున్నుడేందిరా!"
ముత్తిలింగం తాతకు సెంటర్ల వారమంత అదే ముచ్చట.

మట్టికి రెండు పూటల పిండుడు లేదు,
సాయంత్రం వరకు జవాబు రాదు.
మొదటి యేడు రెండు క్వింటాళ్లు తగ్గినయి.
ఆ సంగతి కార్డుల ఎవలు రాయరు,
నేను రాస్తున్న.

మరుసటి వానకాలం
నెల రోజులు మొగులు మొఖం చాటేసి
ఒక్క రాత్రిల కుమ్మరించింది.
తెల్లారి వాగు దిక్కు చూస్తె
చెల్కలు చాయ్ రంగుల కారిపోతున్నయి.
సైదులు చేన్ల మాత్రం నీళ్లు
దూడ గుటకలేసినట్టు దిగినయంట.
నేను చూడలే. గోపమ్మ చెప్పింది.
మొగన్ని ఊకెనే పొగిడే మనిషి కాదామె.

పాలల్ల నీళ్లు కలిస్తె జుర్మానా వేస్త.
మట్టిల నీళ్లు కలవకుంటె
ఎవల మీద వెయ్యాలె?

ఈ ఎండకాలం గూడ బర్రె వగర్చింది.
అవిశ నీడల నిలవడి వగర్చింది,
ఆ కొమ్మనే నమిలింది.
క్యాను నిండలే. ముప్పావు.

మొన్న కొత్త కార్డు తెచ్చిండు.
సున్నా పాయింట్ మూడు ఆరు.
పాల లెక్కల అది ఒక్క పాయింటు గూడ కాదు,
నేనైతె మిషన్ తుడిచి మళ్ల చూసేదాన్ని.
సైదులు దాన్ని జేబుల పెట్టుకోలే.
ధరల పట్టిక కింద గోడకు అంటించుమన్నడు.

నిన్న తండా నుంచి వచ్చిన రూప్లీ
పాల పైసలు కొంగున ముడేసుకుంట
ఆ కార్డు దిక్కే చూసుకుంట నిలవడ్డది.
వెనుక లైను ఆగింది.
"మా చెల్కకు గూడ ఫ్యాట్ తీస్తరా, అక్కా?"