పాకం తెలిసిన చెయ్యి

పెనుమూరు దగ్గర మా గానుగలో
రసం పొంగి, మడ్డి తేలి,
పెనంలో రంగు మారే వేళకి
మా నాయన చెంగల్రాయుడు మాట్లాడడు.
ఎవరైనా పలకరిస్తే విసుక్కుంటాడు.
చన్నీళ్ళ చెంబులో వేళ్ళు ముంచి
కాగే పాకంలోంచి చిటికెడు లాగి
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండ చేస్తాడు.
"దించండ్రా!"

ఒకసారి ఆఫీసు నుంచి ఒకాయన థర్మామీటరు తెచ్చి
ఇంకా రెండు డిగ్రీలు రావాలన్నాడు.
"ఇది కార్శి చెరుకు సార్, మొక్కతోట కాదు"
అని దించేసినాడు నాయన.
ఎట్లా తెలిసిందంటే చెప్పలేకపోయినాడు.
చిత్తూరు మండీలో ఆ బెల్లమే ముందు పోయింది.

నలభై ఏండ్లు, రోజుకు నాలుగు పెనాలు.
తప్పు చేసిన ప్రతిసారీ
గంట తిరక్కముందే దోనెలో జావై కూర్చునేది తప్పు,
అందరి ముందరా.
ఆ చేతికి చదువు చెప్పింది ఆ జావే.

నాకు ఐదేండ్లప్పుడు జ్వరం.
పెనం దగ్గర్నుంచి లేచొచ్చి
అదే చెయ్యి నా నుదుటి మీద పెట్టి
"ఏం లేదు, తెల్లారేలోపల దిగిపోతుంది" అన్నాడంట.
బస్సుకని చీర మార్చుకోబోయిన అమ్మ ఆగిపోయింది.
ఆ చెయ్యి ఎప్పుడు తప్పింది గనక?

మూడో దినం పెద్దాసుపత్రిలో
నేను బతికినాను.
ఎడమ చెవి బతకలేదు.

ఆ రాత్రి నాయన గొంతులో
ఏదో తడబాటు ఉండుంటుందని
చానా ఏండ్లు అనుకున్నా.
అడిగితే అమ్మ లేదనింది.
పెనం దించమన్నప్పుడు ఎట్లా అంటాడో
అట్లనే అన్నాడంట.
తెలిసినప్పుడూ తెలియనప్పుడూ
చెయ్యి ఒకటే మాదిరిగా చెప్తుంది.
నాకు ఇప్పటికీ అదే భయం.

దీని గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.
నాతో నడిచేటప్పుడు మాత్రం
బండ్లు ఎదురొస్తున్నా సరే
కుడిపక్కకే వస్తాడు.

మొన్న నా బిడ్డకు ఒళ్ళు కాలింది.
పిప్పి మసితో, బెల్లం జిగటతో
పరుగున వచ్చి చెయ్యి చాపినాడు.
నుదురు జానెడు దూరంలో ఉండంగా ఆపి,
పంచెకు తుడుచుకొని
వెనక్కి కట్టుకున్నాడు.
"ఆ గాజు పుల్ల యాడుంది, పెట్టి చూడు.
ఆటో పిలుస్తా."

మామూలు జ్వరమే. మాత్రలిచ్చి పంపినారు.
చెయ్యి పెట్టుంటే అదీ ఇదే చెప్పుండేది.

తిరిగొచ్చేసరికి సందేళ.
కుర్రోళ్ళెవరో తొందరపడి పెనం దించేసినారు.
దోనె నిండా పట్టని బెల్లం.
నాయన వేలితో కొంచెం నాకి,
"నాలుగు నిమిషాలు" అన్నాడు,
ఎవరినీ తిట్టకుండా.