మంచు నిలవని చోటు

కొండమీది శ్మశానంలో
మూడు వరసల సమాధుల మీద మంచు నిలవదు.
అడుగున ఎక్కడో బొగ్గుపొర అంటుకుని
నేను పుట్టకముందు నుంచే కాలుతోంది.
నీళ్ళు పోశారు, ఇసుక పోశారు,
హారిస్‌బర్గ్ నుంచి వచ్చినవాళ్ళు కాగితాలు పోశారు.
ఆరలేదు.
ఊళ్ళో మిగిలినవి పదకొండు ఇళ్ళు,
నాలుగు చర్చిలు.

మా నాన్న యుర్కోది మూడో వరస.
ఇరవై ఏళ్ళు చర్చి గడప తొక్కలేదు.
తాగేవాడు. దేవుణ్ణి తిట్టేవాడు, అదీ మూడు భాషల్లో.
గని కూలిన రోజు ఇద్దర్ని భుజాన వేసుకొచ్చి
మూడోవాడి కోసం మళ్ళీ దిగాడు.

"మీ నాన్న దగ్గర మంచు కరిగిపోతోందే,
ఎందుకో తెలుసా?" అన్నాడు బడిలో ఒకడు.
నాకు పదేళ్ళు.
తెలిసింది.

ఎమ్రిస్ పాస్టరుని అడిగాను.
"అబద్ధం చెప్పలేనమ్మా" అన్నాడు.
అంతులేనివాడికి చేసిన తప్పుకి అంతులేని శిక్షట.
పురుగుకి చావు లేదట, మంటకి ఆరడం లేదట.
ఆ మాట అంటూ టోపీ అంచుని
నలిపి నలిపి పాడుచేసుకున్నాడు.
ఆ చలికాలమంతా ప్రతి శనివారం చీకటితోనే
ఎవరో మా గుమ్మంలో కట్టెలు పేర్చి పోయేవారు.
ఆదివారం ప్రసంగంలో ఆయన వేళ్ళకి
పేళ్ళు గుచ్చుకున్న గాట్లు ఉండేవి.

హల్డా టీచరు శనివారం ఆరాధించే మనిషి.
"పొట్టు ఎంతసేపు కాలుతుంది చెప్పు?
కాలిపోతుంది, అంతే. రెండో చావు.
బాధ ఉండదు. ఉండటమే ఉండదు" అంటూ
నాకు అల్లం బిస్కట్టు పెట్టింది.
ఓదార్చాననే అనుకుంది పాపం.
ఆ రాత్రి నాన్న బూటులో చెయ్యి పెట్టుకుని పడుకున్నాను.
కాలుతూ అయినా సరే,
ఎక్కడో ఒకచోట ఉంటే బాగుండు అనిపించింది.
ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మెతోడీ ఫాదర్‌వి చిన్న గొంతు, పెద్ద గడ్డం.
"మంటలు రెండు లేవు. ఒక్కటే, అది ఆయన ప్రేమ.
ఒప్పుకున్నవాడికి పొయ్యిపక్క చోటు.
వద్దన్నవాడికి అదే నిప్పు ఒళ్ళు కాలుస్తుంది."
మరి నాన్నకి?
ఆయన టీ చల్లారిపోయింది.
"మీ నాన్న నాకు పదిహేను డాలర్లు బాకీ" అన్నాడు చివరికి.
"వసూలుకైనా వెతుక్కుంటూ పోవాలి నేను."

దీపాల గది కాపలా ఎలియాస్ షూక్‌ని నేను అడగనే లేదు.
తనే గోడమీది బోర్డు చూపించాడు.
మేకుకొకటి, నెంబరేసిన ఇత్తడి బిళ్ళలు.
దిగేవాడు తన బిళ్ళ తీసుకు దిగాలి,
పైకొచ్చి మళ్ళీ తగిలించాలి.
"ఒక్క మేకు ఖాళీగా ఉన్నా
నేను గది తాళం వేసి ఇంటికి పోలేదు, తల్లీ.
దేవుడు నాకంటే అధ్వానమా?"

నాన్న తొమ్మిదో రోజున దొరికాడు.
బిళ్ళ దొరకలేదు.
గని మూసి పందొమ్మిదేళ్ళు, షూక్ పోయి ఆరు.
రెండువందల పద్నాలుగో మేకు ఖాళీగానే ఉంది.
అతని కూతురు ఆ గదికి ఇంకా తాళం వెయ్యదు.

ఇప్పుడు ఆదివారం బడిలో పిల్లలు నన్ను అడుగుతారు.
ఒక్కో ఏడు ఒక్కోటి చెబుతాను.
చెప్పిన రాత్రి నిద్రపట్టదు, ఏది చెప్పినా.

అమ్మ ఎవర్నీ అడగలేదు.
నడి జనవరిలో సమాధి అంచున పార్స్లీ నాటింది.
చుట్టూ మోకాలెత్తు మంచు, అక్కడ మాత్రం పచ్చగా లేచింది.
వెచ్చటి మట్టిమీద అరచెయ్యి ఆనించి
"మంచిదేలే" అంది,
"ఈ మనిషికి ఎప్పుడూ కాళ్ళు చల్లబడిపోయేవి."

గుప్పెడు తెంపి ఏప్రన్ జేబులో వేసుకుంది.
ఆ పూట సూపు కొంచెం పొగవాసన వచ్చింది.
తాగాం.