తరుగు

పొద్దుటూరులో మా ఆచారి ఇంటి పెరడంతా నాపబండలే.
ఎండాకాలం చెప్పుల్లేకుండా దాటితే అరికాలు కమిలేది.
ఆ బండల్లో ఒకదాన్ని గడ్డపారతో పీకి,
కింది సుద్దమట్టి ఎత్తిపోసి,
పెన్న ఇసక, మాగిన పేడ, పిడికెడు చెనక్కాయ చెక్క కలిపి
మౌనేశ్వరాచారి డే లిల్లీ నాటినాడు.
గడ్డ ఎవరిచ్చినారో అడిగితే
దగ్గుతా లోపలికి పోయేవాడు.

నేనప్పుడు కుంపటి ఊదే పిల్లోణ్ణి.
బియ్యం కడిగిన నీళ్లు మొదట్లో పోయడం నా పనే.
"ఆకుల మీద పోయగాకురా, వేర్లకు పొయ్యి.
నీళ్లు నిలిస్తే కుళ్లుతాది,
నీళ్లు మరిస్తే అలుగుతాది."
రాళ్లు పొదిగే చిమటాతోనే
నిన్నటి పూలను ఒకటొకటి గిల్లి తీసేవాడు.
కాడకు ఎనిమిది మొగ్గలు, ఒక్కోసారి పది.
పొద్దున విచ్చితే పొద్దుగూకేసరికి సరి.
రేపటిది ఆ పక్కనే ఉబ్బి ఉండేది.

ఒకనాడు తొలిపువ్వును తుంచి త్రాసులో పెట్టినాడు.
అటుపక్క గురిగింజలు ఒక్కొక్కటే వేసుకుంటా వచ్చి
ముల్లు నిలిచినాక
గోడ మీద బొగ్గుతో గీసినాడు: ముప్పైనాలుగు.
దీపాలు పెట్టినాక అదే పువ్వును మళ్లా తూచినాడు.
పిండి ఆరేయని గుడ్డ మాదిరి మెలిదిరిగి ఉండె.
ఇరవైతొమ్మిది.
"ఈ తరుగు ఎవురి ఖాతాలో రాయాలరా?" అన్నాడు.
నాకు నవ్వొచ్చింది.
ఆయన నవ్వలా.

కాళమ్మత్తది వేరే లెక్క.
రేపు విచ్చే మొగ్గల్లో నాలుగు ఈ పొద్దే కోసుకొచ్చి
పెసరపప్పులో వేసి, ఎండుమిరపకాయ తిరగవాత పెట్టేది.
లేత చిక్కుడు మాదిరి కరకర, చివర్న రవ్వంత తీపి.
"లిల్లీ అని పేరుంటే చాలు, నోట్లో పెట్టుకుంటావేమో,
తక్కినవన్నీ విషమబ్బీ, ఇదొక్కటే తినేది" అని
సంగటి ముద్దలో గుంట చేసి పప్పు పోసేది.
పూయాల్సినవి తిన్నామని ఆచారి మాత్రం
ఆ పూట మజ్జిగతో లేచేవాడు.

మిషను గాజులొచ్చినాయి.
కుంపట్లో బొగ్గు కన్నా బూడిద ఎక్కువైంది.
నేను మెయిన్ బజారు షోరూములో
బిల్లు కౌంటరు కాడ కుదిరినా.
తరుగు ఇంత శాతం, మజూరీ ఇంత.
కంప్యూటరు చెప్తాది, నేను చదువుతా.
ఏసీ చల్లదనానికి మోకాళ్లు నొస్తాయి.

మొన్న తొలకరికి ఆచారి పిలిపించినాడు.
గుబురు ఒత్తయిపోయి పూత తగ్గిందంట.
తవ్వి, మట్టి దులిపి,
వేళ్లతో పాయలు పాయలుగా విడదీస్తాండాడు.
చేతులు వణుకుతాండాయి, వేరు మాత్రం తెగల్యా.
ఆకులను విసనకర్ర మాదిరి సగానికి కత్తిరించి
తడి గోనెలో చుట్టి నా చేతిలో పెట్టినాడు.
"కూలికింద అనుకో" అన్నాడు.
ఏ కూలో నాకు తెలీలా.

మిద్దె మీద అద్దె గది, పెయింటు బక్కెట్టు,
అడుగున మూడు బొక్కలు.
నెలకు పైగా ఆకులే.
తర్వాత ఒక కాడ లేచింది, అయిదు మొగ్గలతో.
నిన్న మొదటిది విచ్చిందంట.
నేను షాపు మూసి వచ్చేసరికి రాత్రి పదిన్నర.
సెల్‌ఫోను వెలుతురులో చూస్తే
ముడుచుకుపోయిన పసుపు రంగు పీలిక.
కింది పోర్షను దస్తగిరమ్మ మనవరాలు మెట్ల మీదకొచ్చి
"మామా, పొద్దన శానా బాగుండె,
లోపల ఎర్రగా, అంచు ఇంత ఇంత మడతలు" అని
చేతులతో చూపించింది.
దాని చేతులనే చూస్తా నిలబడినా.

రెండో మొగ్గ ఉబ్బింది.
రేపటిదే, సందేహం లేదు.
మేనేజరుకు సెలవు చీటీ రాసినా.
కారణం అన్న గీత కాడ
పెన్ను చానాసేపు ఆగింది.
ఆఖరికి రాసినా:
బంగారం పని.