2207వ మార్పు

క్లాక్స్‌విక్ రేవు ఆఫీసు కింద
ఒకప్పుడు ఉప్పుచేపలు నిలవచేసిన నేలమాళిగలో
సర్వర్ ఉంది.
పద్నాలుగేళ్ళుగా తనలో తను గొణుక్కుంటోంది.
తలుపు తీస్తే ఇప్పటికీ
ముందు చేపల వాసన,
తరవాతే వేడెక్కిన దుమ్ము.

ఈ రాత్రి రన్‌వా దాన్ని ఖాళీ చేయాలి.
ఆటుపోట్ల పట్టికలు, కాలువ లోతుల లెక్కలు,
ఏ పడవ ఏ గంటకి లోపలికి రావచ్చో చెప్పే ప్రోగ్రాము,
ఆరువేల చిల్లర మార్పులు.
ఒక్కోదాని కింద చేసినవాళ్ళ పేరు, తారీకు, ఒక మాట.
అన్నీ కొత్త పెట్టెలోకి చేరాలి.

కొత్తదానికి పట్టింపులెక్కువ.
పొట్టిపేర్లు చెల్లవంటుంది.
పూర్తి పేరు, ఈమెయిలు, మనిషికో వరుస.
పదకొండు రాసింది.
పన్నెండోది, ‘హెచ్‌జె’ దగ్గర చెయ్యి ఆగింది.

హానుస్.
మార్చిలో పోయాడు, పడవల కొట్టంలో,
చేతిలో రంగు కుంచెతో.
ఆయన ఈమెయిలుని ఏప్రిల్లో తనే మూసేసింది.

గడి ఖాళీగా వదిలి, ఆయన మాటలు చదువుతూ కూర్చుంది.
“గాలి పెరిగింది. మిగతాది రేపు.”
“ఇదెందుకు పనిచేస్తోందో నాకూ తెలీదు. ముట్టుకోకండి.”
“కొండమీంచి గొర్రెల్ని దించాలి. రెండ్రోజులు రాను.”
“నిన్నటిది తప్పు. నాదే.”
ఇక, ఇరవైరెండు వందల ఏడు:
“తూర్పు గట్టు దగ్గర లోతు ఆరు మీటర్లని రాస్తున్నాను,
బార్దుర్ రాయమన్నాడు కనక.
నేను కొలిస్తే నాలుగున్నర.”

ఆ అక్టోబరులో ఒక నార్వే పడవ అడుగు గీరుకుంది.
మనుషులకేం కాలేదు.
బీమావాళ్ళొచ్చారు, కాఫీ తాగారు,
తప్పు అలదే అని తేల్చి వెళ్ళారు.

బార్దుర్ ఇప్పుడు రేవుకి పెద్ద.
సాయంత్రం మెట్లు దిగొచ్చి, గడప దాటకుండా,
“ఎలాగూ ఇల్లు మారుతున్నాం కదా,
పాత సామానులో చెత్తేమన్నా ఉంటే
ఇక్కడే వదిలెయ్” అన్నాడు.
నంబరు చెప్పలేదు.

హుక్స్ అనే ఫోల్డరులో ఒక వింత గుమ్మం.
లోకంలో కాపలావాడు లేకపోతే దొంగ దూరుతాడు,
ఇక్కడ కాపలావాడు లేకపోతే ఎవరూ దూరలేరు.
పాత మాట దిద్దాలంటే
ముందొక కాపలావాణ్ణి నిలబెట్టి
వాడిచేత సరే అనిపించాలి.
రెండు వరుసల పని. రన్‌వా రాసింది.
చివర్న సున్నా.
ఆ భాషలో సున్నా అంటే ఒప్పుకోలు.

జాగ్రత్త మనిషి, నకలు మీద చేసి చూసింది.
“చిన్న దిద్దుబాటు” అని కొట్టింది.
అంతే. నాలుగున్నర లేదు.
బార్దుర్ లేడు.
గదిలో చప్పుడు కూడా మారలేదు.

ఆ పెట్టెలో ఒక్క కామా కదిలినా సాక్ష్యముంటుంది.
ఎవరు కదిపారు, ఎప్పుడు, అంతకుముందు ఎక్కడుంది.
ఆ కింద రాసిన మాట మారిస్తే మాత్రం
మార్చినట్టు ఎక్కడా ఉండదు.
నీళ్ళమీద రాత నిలవదంటారు.
నీళ్ళ లోతు మీద రాత సంగతి
ఎవరూ చెప్పలేదామెకి.

ధైర్యస్థురాలేం కాదు రన్‌వా.
ఇంటి అప్పు ఇంకా పదకొండేళ్ళుంది.
బార్దుర్ చెల్లెలే ఆమె కొడుక్కి పియానో నేర్పేది.
ఐదువేలమంది ఊళ్ళో
ఎవరి మొహం ఎవరు తప్పించుకుంటారు?
చాలాసేపు ఫ్లాస్కు మూత బిగించి, తిప్పి, బిగించి,

నకలు తుడిచేసింది.
కాపలావాణ్ణి కూడా.

పన్నెండో వరుస: హానుస్ యాకుప్సన్.
ఈమెయిలు గడిలో ‘పడవలకొట్టం’ అని పెట్టి
వెనక రేవు పేరు తగిలించింది.
ఆ చిరునామాకి ఎవరైనా ఉత్తరం రాస్తే
తనకే చేరేట్టు తిప్పింది.

నాలుగింటికి కదిలింది. ఒకటి, రెండు, మూడు,
తెరమీద వానజల్లులా అంకెలు.
ఇరవైరెండు వందల ఏడు ఎప్పుడు దాటిందో
ఆమె చూడలేదు, కాఫీ ఒంపుకుంటోంది.

ఏడున్నరకి మొదటి ఉత్తరం. కొట్టానికి కాదు, ఆమెకే.
“కొత్తదాన్లోకి వెళ్ళలేకపోతున్నాను. బార్దుర్.”
వెంటనే ఖాతా తెరిచి పంపింది.
చదవడానికి అనుమతి.
పాస్‌వర్డు మాత్రం మార్చుకోవచ్చు.